ఖాళీ గదిని కుట్టు, మగ్గం పని గదిగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోయాక చాలా ఇళ్లలో ఒక గది ఖాళీ అవుతుంది. కుట్టుపని ఇష్టమున్నవాళ్లకు ఆ గదిని చూడగానే ఆశ పుడుతుంది, వెంటనే సందేహాలూ మొదలవుతాయి. చాలా ఏళ్లుగా ఇంట్లోనే కుడుతున్నాను కాబట్టి బంధువులు, స్నేహితులు నన్ను అడుగుతుంటారు. తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఇవి. పని జరిగే వరుసలో పెట్టాను. మీకు కావలసిన దాని దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

సరదాకి కుట్టుకునేదానికి ఒక గది మొత్తం ఎందుకండీ? హాల్లో ఒక మూల చాలదా?

లేసు అల్లికకైతే గది అక్కర్లేదు. నరసాపురం వైపు ఆడవాళ్లు అరుగు మీద కూర్చునే అల్లుతారు, సూదీ దారం ఉంటే చాలు. మిషను కుట్టు, మగ్గం పని (గుడ్డని చెక్క ఫ్రేముకి బిగించి చేసే ఎంబ్రాయిడరీ) అలా కుదరవు. సగం కత్తిరించిన గుడ్డ, ఫ్రేముకి బిగించిన బ్లౌజు, విప్పిన పూసల డబ్బాలు ఎక్కడివక్కడే ఉండాలి. హాల్లో అయితే ఎవరైనా వస్తున్నారనగానే అన్నీ ఎత్తేయాలి, మళ్లీ పరుచుకోవడానికే అరగంట పోతుంది. చాలామందికి కుట్టు మీద ఇష్టం తగ్గి కాదు, ఈ ఎత్తడం దించడం భరించలేకే పని ఆగిపోతుంది. సగంలో ఆపిన పనిని సగంలోనే వదిలి తలుపు వేసుకోగలగడం, గది వల్ల కలిగే అసలు లాభం అదే. సంపాదన లేని పనికి గది అడగడానికి మొహమాటపడకండి.

మా గది 8 బై 10 అడుగులే. మిషను, మగ్గం, కటింగ్ బల్ల అన్నీ పడతాయా?

పడతాయి, కాకపోతే అన్నీ ఒకేసారి విప్పి ఉంచకూడదు. మిషను కిటికీ పక్కన, కటింగ్ బల్ల పొడవాటి గోడకి ఆనించి, మగ్గం ఫ్రేము మధ్యలో అనుకోండి. ఫ్రేము వాడనప్పుడు గోడకి నిలబెట్టేయవచ్చు, గుడ్డ బిగించి ఉన్నా ఏమీ కాదు, పైన ఒక దుప్పటి కప్పండి. ముందు నేల మీద సుద్దముక్కతో వస్తువుల కొలతలు గీసి, వాటి మధ్య నడిచి చూడండి. కుర్చీ వెనక్కి జరపడానికి, మీరు పక్కకి తిరగడానికి కనీసం రెండున్నర అడుగులు వదలాలి. బీరువా తలుపులు తెరుచుకునే జాగా కూడా గీయండి, చాలామంది అది మర్చిపోతారు.

చుట్టాలు వస్తే పడుకోవడానికి అదొక్కటే గది. రెండింటికీ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. కింద సామాను పెట్టుకునే దివాన్ కాట్ ఒకటి గోడ వారగా వేయండి. డబుల్ కాట్ మాత్రం వద్దు, అది ఉంటే పనికి చోటు మిగలదు. చుట్టాలు రాత్రి పడుకుని పొద్దున్నే లేచిపోతారు, మీ పని మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. గదిని పనికి తగ్గట్టు సర్దుకుని అందులో ఒక పడక ఉంచుకోవడమే మంచిది. చిన్నపిల్లలున్న చుట్టాలైతే హాల్లో పరుపు వేయండి, సూదులున్న గదిలో వాళ్లను పడుకోబెట్టొద్దు.

అద్దె ఇల్లు. గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. ఏం చేయాలి?

గోడకి బిగించేవేవీ పెట్టుకోకుండా మొత్తం గది సర్దుకోవచ్చు. ఇనుప ర్యాక్, మడత బల్ల, బల్లకి బిగించే క్లాంపు లైటు, చక్రాల డ్రాయర్లు చాలు. నిలువుటద్దం గోడకి వాల్చినప్పుడు కింద జారకుండా రబ్బరు ముక్క పెట్టండి.

వాస్తు ప్రకారం మిషను ఏ దిక్కున పెట్టాలి?

ఇంట్లో పట్టింపు ఉంటే పాటించండి. పని వైపు నుంచి చూస్తే నాకు దిక్కు కంటే కిటికీ ముఖ్యం. కుడిచేతి వాటం వాళ్లకు వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ సూది మీద పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు కుడివైపు నుంచి.

ముందు ఏం కొనాలి? డబ్బు దేనికి ఎక్కువ పెట్టాలి?

ముందు లైటు, తర్వాత కుర్చీ, ఆ తర్వాత గట్టి బల్ల. ర్యాకులు, డబ్బాలు, గోడకి అందమైన బోర్డులు చివర. గది సిద్ధమవుతోందన్న ఉత్సాహంలో ముందు డబ్బాలే కొంటాం. పని మొదలై రెండు మూడు నెలలు గడిచాక గానీ ఏ సైజు డబ్బా కావాలో తెలియదు. అప్పటిదాకా స్వీట్ బాక్సులు, హార్లిక్స్ సీసాలు వాడండి. ఉన్న మిషను బాగానే కుడుతుంటే గది మారిందని మిషను మార్చనక్కర్లేదు.

## గది ఖాళీ చేయడం

ఆ గది నిండా పాత సామానే. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క రోజులో గది మొత్తం ఖాళీ చేసి, తుడిచి, పని సామాను మాత్రమే లోపలికి తేవాలి. సామానుని ఆ మూల నుంచి ఈ మూలకి జరుపుతూ పోతే నెలలు పడుతుంది. ఎవరివో తేలని వస్తువులకు ఇంట్లోవాళ్లందరికీ ఒక తేదీ చెప్పండి, ఆ తర్వాత పాత సామాను కొనేవాళ్లకు ఇచ్చేయండి. అటక మీద మాత్రం ఏమీ వదలకండి. అక్కడి దుమ్ము, పురుగు తర్వాత మీ పట్టుగుడ్డల మీదికే దిగుతాయి.

గోడకి చెమ్మ ఉంది. పైన రంగు వేసేస్తే సరిపోతుందా?

సరిపోదు, ఒక వానాకాలంలో పొట్టు లేచిపోతుంది. ముందు చెమ్మ ఎక్కడిదో చూడాలి. ప్లాస్టిక్ కాగితం ఒక అడుగు ముక్క కత్తిరించి నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత తీసి చూస్తే, గోడవైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. అంటే పైపు లీకో, పైకప్పు కారడమో, పునాది నుంచి ఎక్కడమో అయి ఉంటుంది. గదివైపు తడి ఉంటే గాలిలోని తేమ, దానికి కిటికీలు తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. గోడలోంచి వచ్చే చెమ్మ ఆగేదాకా గుడ్డల బీరువా ఆ గోడ దగ్గర పెట్టకండి. మిగతా గోడల దగ్గర కూడా మూడు నాలుగు అంగుళాలు వదలండి.

గోడలకి ఏ రంగు వేస్తే మంచిది? నేల మీద ఏమైనా పరవాలా?

తెలుపు, లేదా తెలుపుకి దగ్గరగా ఉండే రంగు. గులాబీ, ఆకుపచ్చ లాంటి ముదురు రంగు గోడ మీద పడ్డ వెలుతురు అదే రంగుతో గుడ్డ మీదికి తిరిగి వస్తుంది, దారం షేడ్ ఎంచుకోవడం కష్టమవుతుంది. నేల లేత రంగు టైల్స్ అయితే అదృష్టమే, పడిన సూది కనిపిస్తుంది. చుక్కల గ్రానైట్, మొజాయిక్ నేల మీద సూది, పూస రెండూ కనబడవు. అలాంటి చోట మగ్గం కింద తెల్ల దుప్పటి పరచండి. కార్పెట్ మాత్రం ఎప్పుడూ వద్దు.

## వెలుతురు, కరెంటు, గాలి

ట్యూబ్‌లైట్ ఉంది కదా, ఇంకో లైటు ఎందుకు?

గది మధ్యలో, తల మీద ఉండే లైటు గదికి వెలుగునిస్తుంది గానీ చేతి కింద నీడ వేస్తుంది. వంగి కుట్టేటప్పుడు మీ తలే లైటుకి అడ్డం. అందుకే పని మీదికి నేరుగా పడే లైటు ఇంకోటి కావాలి. మెడ వంగే క్లాంపు లైటు అయితే మిషను దగ్గరా మగ్గం దగ్గరా బిగించుకోవచ్చు. కుడిచేతి వాటం వాళ్లు ఎడమవైపు ముందు నుంచి పడేలా పెట్టుకోవాలి. బల్బు కళ్లకు నేరుగా కనిపించకూడదు.

బల్బు పెట్టె మీద రెండు అంకెలు చూడండి. 6500 కెల్విన్ అని ఉంటే తెల్లటి వెలుగు, 3000 అని ఉంటే పసుపు. కుట్టుకి 4000 నుంచి 6500 మధ్య తీసుకోండి. సీఆర్‌ఐ అనేది రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. అది 90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మెరూన్‌కీ ముదురు ఎరుపుకీ తేడా తెలుస్తుంది. మామూలు ఎల్‌ఈడీలకు అది 80 దగ్గర ఉంటుంది.

పగటి వెలుతురుకి ఉత్తరం కిటికీ మేలు, ఎండ నేరుగా పడకుండా వెలుగు నిలకడగా ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో పలచటి తెల్ల తెర కట్టుకోండి. పడమటి కిటికీ అయితే సాయంత్రం ఎండకి గుడ్డ రంగు వెలిసిపోతుంది, తెర తప్పనిసరి.

రాత్రి ఎంచిన దారం పొద్దున చూస్తే రంగు కలవడం లేదు. ఎందుకలా?

రెండు రంగులు ఒక లైటు కింద ఒకేలా కనిపించి ఇంకో లైటు కింద వేరుగా కనిపించడం మామూలే, వాటిలో వాడిన అద్దకాలు వేరు కాబట్టి. దారం, లైనింగు, ఫాల్ రంగు పగలే ఎంచుకోండి. పెళ్లి బ్లౌజు అయితే ఫంక్షన్ హాల్ పసుపు లైట్ల కింద కూడా ఒకసారి పెట్టి చూడటం మంచిది. షాపులో కొనేటప్పుడు గుడ్డని వాకిట్లోకి తెచ్చి చూసే అలవాటు మన పెద్దవాళ్లకు ఊరికే రాలేదు.

ఫ్యాన్ వేస్తే దారాలు ఎగురుతున్నాయి, ఆపితే చెమటలు. ఏం చేయాలి?

సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా పెట్టి, టేబుల్ ఫ్యానుని నేల మీద వెనకవైపు నుంచి నడుముకి తగిలేలా ఉంచండి. బల్ల మీదికి గాలి రాదు, ఒంటికి తగులుతుంది. పై అంతస్తు గది అయితే వేసవిలో పైకప్పే పెద్ద సమస్య. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే ఎండ తిరిగిపోయి గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పని మానేసి పొద్దున్నే కూర్చోవడం ఇంకా తేలిక.

ఇస్త్రీపెట్టె, మిషను, లైటు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొచ్చా?

మిషను, లైటు పెట్టొచ్చు. ఇంటి మిషను మోటారుకి 100 వాట్ల దగ్గర చాలు. ఇస్త్రీపెట్టె మాత్రం గోడ ప్లగ్గుకే పెట్టండి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గు దాన్ని మోస్తుంది గానీ నాసిరకం ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కిపోతుంది. 1600, 2000 వాట్ల స్టీమ్ ఐరన్ అయితే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు వేయించాలి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఎర్త్ సరిగా ఉందో లేదో చూపించండి, పాత ఇళ్లలో మూడో చిల్లు పేరుకే ఉంటుంది. ఇస్త్రీపెట్టె స్విచ్ గుమ్మం దగ్గర ఎర్ర లైటుతో పెట్టించుకుంటే బయటికి వెళ్లేటప్పుడు కంటపడుతుంది. బయల్దేరాక దారిలో ఆ టెన్షన్ ఉండదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కుట్టొచ్చా?

ఇంటి మోటారు మిషను, ఎల్‌ఈడీ లైటు బాగానే నడుస్తాయి. ఇస్త్రీపెట్టె ఇన్వర్టర్‌కి కలపొద్దు, ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో కాలు మిషను తీసేయకండి.

## బల్ల, మిషను, మగ్గం

కటింగ్ బల్ల ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉండాలి?

నిలబడి మోచెయ్యి వంచండి. మోచేతికి మూడు నాలుగు అంగుళాల కింద బల్ల ఉండాలి. చాలామంది ఆడవాళ్లకు అది 34 నుంచి 36 అంగుళాలు వస్తుంది. డైనింగ్ టేబుల్ 30 అంగుళాలే, అందుకే దాని మీద కత్తిరిస్తే నడుము పట్టేస్తుంది. ఉన్న బల్ల కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టించి ఎత్తు పెంచుకోవచ్చు. 44 అంగుళాల పన్నా గుడ్డ మడిస్తే 22 అంగుళాలు కాబట్టి రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగైదు అడుగుల పొడవు బ్లౌజులకు, చుడీదార్లకు చాలు. లంగాలు, అనార్కలీలు కుట్టేవాళ్లకు ఆరడుగులు కావాలి. నేల మీద కూర్చుని కత్తిరించడం అలవాటున్నవాళ్లు మోకాళ్లు ఒప్పుకున్నంత కాలం అలాగే చేసుకోవచ్చు, బల్ల కొనితీరాలని లేదు.

కాలు మిషనుకి మోటారు పెట్టించుకోవాలా, పెద్ద పవర్ మిషను కొనుక్కోవాలా?

వారానికి ఒకటి రెండు కుట్టేవాళ్లకు మోటారు పెట్టిన మామూలు మిషను చాలు. పవర్ మిషను వేగం చాలా ఎక్కువ, కొత్తవాళ్ల చేతిలో గుడ్డ లాగేసుకుంటుంది, బరువు కూడా ఎక్కువే. కొనాలనే అనుకుంటే సర్వో మోటారుది తీసుకోండి. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ మోగుతూనే ఉంటుంది, సర్వో కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది.

అపార్ట్‌మెంట్‌లో కిందింటివాళ్లు చప్పుడని అంటున్నారు. తగ్గించే మార్గం ఉందా?

చప్పుడు గాలిలో కంటే నేలలోంచి ఎక్కువ వెళ్తుంది. మిషను కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, స్టాండు నట్లు బిగించండి, మిషనుని గోడకి తగలనివ్వకండి. మధ్యాహ్నం, రాత్రి పొద్దుపోయాక మిషను పని ఆపి చేతికుట్టు పెట్టుకోండి. ఒకసారి వాళ్లింటికి వెళ్లి, ఏ సమయంలో ఇబ్బందో అడగండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మగ్గం ఫ్రేము నేల మీద పెట్టుకోవాలా, స్టాండు మీదా?

ఆరీ సూదితో పని చేసేటప్పుడు ఒక చెయ్యి గుడ్డ పైన, ఒక చెయ్యి గుడ్డ కింద ఉంటాయి. కింది చెయ్యి దారం అందిస్తే పైనున్న సూది కొక్కెంతో పైకి లాగుతుంది. కాబట్టి ఫ్రేము కింద చెయ్యి స్వేచ్ఛగా కదలాలి, మోకాళ్లు తగలకూడదు. వృత్తిగా చేసేవాళ్లు నేల మీద కూర్చుని, పొట్టి స్టాండ్ల మీద ఫ్రేము పెట్టుకుని గంటలు గంటలు చేస్తారు. అలవాటు లేనివాళ్లకు ఆ భంగిమలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కుర్చీలో కూర్చుని చేసేలా ఎత్తు స్టాండు చేయించుకోండి. ఫ్రేము మీ మోచేతి ఎత్తుకి రావాలి, మీవైపు కాస్త వాలి ఉంటే మెడ వంగదు.

చోటు లెక్క వేసేటప్పుడు ఫ్రేము పొడవుతో పాటు దాని చుట్టూ తిరిగే దారి కూడా చూడండి. బ్లౌజు వీపు, చేతులు ఒకే గుడ్డ మీద గీసి బిగించినప్పుడు అటువైపు కూర్చుని చేయాల్సిన భాగాలు వస్తాయి. ఫ్రేముని ఒక వైపు గోడకి ఆనించేస్తే ప్రతిసారీ తిప్పాలి. కుడి పక్కన చేతికందే ఎత్తులో ఒక చిన్న స్టూలు ఉంచండి, జర్దోసీ, చెంకీలు, పూసల పళ్లేలు దాని మీద. ఫ్రేము మీదే పళ్లేలు పెట్టుకుంటే ఒక్క కుదుపుకి అన్నీ కలిసిపోతాయి.

డిజైన్ ట్రేస్ చేసేటప్పుడు కిరసనాయిలు వాసన గది నిండా ఉంటోంది. ప్రమాదమా?

బటర్ పేపర్‌కి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడి అద్దే పద్ధతిలో వాసన తప్పదు. ఆ పని బాల్కనీలోనో, కిటికీ తలుపు తెరిచో చేయండి. ఆ సమయంలో ఇస్త్రీపెట్టె, గ్లూ గన్, అగరొత్తి ఏవీ దగ్గర ఉండకూడదు. అద్దిన గుడ్డముక్కను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి, గుడ్డల అలమారలో కాకుండా బయట పెట్టండి.

గంట కూర్చుంటే మెడ, కళ్లు లాగేస్తున్నాయి. కుర్చీ మార్చాలా?

చేతులు లేని కుర్చీ, పాదాలు నేలకి పూర్తిగా ఆనే ఎత్తు, వీపుకి ఆనుడు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు తక్కువైతే దిండు వేసుకోవచ్చు. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి కిటికీలోంచి దూరంగా చూడండి. నలభై దాటినవాళ్లకు తరచుగా కారణం కళ్లజోడు. చదివే దూరానికి ఇచ్చిన అద్దం మగ్గం దూరానికి సరిపోకపోవచ్చు. కంటి నుంచి గుడ్డకి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిపించుకుని ఆ అంకె కంటి డాక్టరుకి చెప్పండి.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇండియా నుంచి మోటారు మిషను తెచ్చుకోవచ్చా?

మన మోటారు 230 వోల్టులది, అక్కడి ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులు, సరిగా నడవదు. మిషను అక్కడే కొనుక్కుని ఇక్కడి నుంచి ఆరీ సూదులు, జర్దోసీ, కుందన్లు తెచ్చుకోండి. సూదులు చెకిన్ లగేజీలో పెట్టండి. ఫ్రేము అక్కడి చెక్కతో చేయించుకోవచ్చు, చిన్న పనులకు స్టాండుతో ఉన్న గుండ్రటి ఫ్రేము సరిపోతుంది. బేస్‌మెంట్‌లో కార్పెట్ ఉంటే కుర్చీ, ఫ్రేము కిందికి గట్టి ప్లాస్టిక్ మ్యాట్ వేయండి.

## సామాను సర్దడం

పూసలు, కుందన్లు ఎన్ని డబ్బాల్లో పెట్టినా కలిసిపోతున్నాయి.

మూత ఒకటే ఉండి లోపల గళ్లున్న డబ్బా పడితే అన్నీ కలుస్తాయి. ఒక్కో రకానికి ఒక్కో చిన్న పారదర్శక డబ్బా, అవన్నీ ఒక ట్రేలో పెట్టండి. మూత మీద కొన్న షాపు, సైజు, నంబరు రాసిన చీటీ అంటిస్తే మళ్లీ అదే షేడ్ దొరుకుతుంది. పని చేసేటప్పుడు ఆ రోజుకి కావలసినన్నే పళ్లెంలో పోసుకోండి.

పట్టుగుడ్డలు, జరీ నల్లబడకుండా ఎలా దాచాలి?

అసలు జరీలో వెండి ఉంటుంది, మామూలు జరీలో చాలావరకు రాగి ఉంటుంది. తేమ తగిలినా, సెంటు తగిలినా రెండూ రంగు మారతాయి. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లలో నెలల తరబడి ఉంచొద్దు, లోపల తేమ నిలిచిపోతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. వస కొమ్ములో, ఎండిన వేపాకో చిన్న గుడ్డసంచిలో కట్టి మూలన పెట్టవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో తరచుగా మార్చండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చకపోతే పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది.

మిగిలిన గుడ్డముక్కలు పారేయలేకపోతున్నాను. గది నిండిపోతోంది.

ఒకే ఒక్క పెట్టె పెట్టుకోండి. అది నిండితే కొత్త ముక్క వేయడానికి పాతది తీయాలి. జానెడు కంటే చిన్నవి బొంతల్లోకో, దిండ్లలో కూరడానికో ఇచ్చేయండి.

## వాడకం మొదలయ్యాక

మనవలు ఇంట్లో ఉంటారు. సూదుల సంగతి భయంగా ఉంది.

తలుపుకి పిల్లలకి అందని ఎత్తులో గొళ్లెం పెట్టించండి. సూదులు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి పెట్టండి. పని ముగిశాక పాత స్పీకర్ అయస్కాంతాన్ని నేల మీద తిప్పితే ఉక్కు సూదులు, గుండుసూదులు అంటుకుంటాయి. ఇత్తడి పిన్నులు, పూసలు అంటుకోవు, వాటికి చీపురే. విరిగిన సూది రెండు ముక్కలూ దొరికేదాకా లేవకండి. కాలు మిషను బెల్టులో చిన్నపిల్లల వేళ్లు నలుగుతాయి, వాడనప్పుడు బెల్టు చక్రం నుంచి తప్పించి ఉంచండి.

పక్కింటివాళ్లు, తెలిసినవాళ్లు కుట్టిపెట్టమని అడుగుతున్నారు. ఎలా చెప్పాలి?

గది ఏర్పడగానే ఇది వస్తుంది. మీకు ఇష్టమైతే నెలకి ఇన్నే అని ముందే చెప్పి, దారం, లైనింగు వాళ్లనే తెచ్చివ్వమనండి. ఇష్టం లేకపోతే "నా సరదాకే కుట్టుకుంటున్నానండీ" అని చెప్పడంలో తప్పు లేదు. పండగ ముందు అడిగే బ్లౌజులకు ఒప్పుకుంటే మీరు మొదలుపెట్టినవన్నీ మూలన పడతాయి.

కొన్ని నెలలు పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఏం చూడాలి?

ముందు మిషను బాబిన్ కేసు తీసి, కింద చేరిన పీచు బ్రష్‌తో దులపండి. చుక్క చుక్కగా మిషను ఆయిల్ వేయండి, కొబ్బరినూనె అసలు వద్దు, అది గట్టిపడి మిషను బిగుసుకుపోతుంది. సూది కొత్తది మార్చండి. పాత తెల్ల గుడ్డముక్క మీద నూనె మరక రావడం ఆగేదాకా కుట్టండి. మగ్గం మీద గుడ్డ వదులై ఉంటే పక్క పట్టీల మేకులు ఒక చిల్లు ముందుకి జరిపి మళ్లీ బిగించండి. వేలితో తడితే డప్పులా మోగితే పని మొదలుపెట్టవచ్చు.